ముందు వీపు చూడండి, ముద్ర సంగతి చివర్లో

అందరికీ నమస్కారం. అధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, వేదిక మీది పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ. ఇచ్చిన సమయం ముప్పావుగంట, చెప్పాల్సింది బారెడు. కాబట్టి అందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టి విషయంలోకి వెళ్తాను.

ఆహ్వానపత్రికలో "పాత ఆసియా పట్టుచిత్రాలను గుర్తించడం, విలువ కట్టడం" అని వేశారు. ఆసియా అంటే ఒక సాయంత్రంలో తిరిగొచ్చేది కాదు. జపాన్, చైనా, కొంచెం వియత్నాం, అంతవరకే మాట్లాడతాను. మనవాళ్ళ చేతికి ఎక్కువగా వస్తున్నవి అవే. అమెరికాలో ఉన్న పిల్లలు ఎస్టేట్ సేల్‌లో కొంటారు, జపాన్‌లో ఉద్యోగం చేసొచ్చినవాళ్ళు అక్కడి పాతసామాన్ల సంతలో కొంటారు, ఇంకొందరు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ వేలంలో పాడతారు. ఇంటికొచ్చాక గోడకి తగిలించి, ఇదేమిటో ఎవరైనా చెబితే బాగుండునని ఎదురుచూస్తారు.

ఒక అపోహ ఇక్కడే తీరుద్దాం. టిబెట్, నేపాల్ తంకాలను, అంటే వేలాడదీసే బౌద్ధ చిత్రపటాలను, చాలామంది పట్టుచిత్రాలంటారు. వాటి చుట్టూ ఉండే అంచు పట్టుదే. చిత్రం మాత్రం సాధారణంగా నూలుబట్ట మీద సుద్ద, జిగురు పూసి, నునుపుగా రుద్ది వేసినది. మన చేర్యాల నకాషీ పటంలోలాగే ఆ పూత కింద నేత కనబడదు. పట్టుచిత్రంలో నేత కనబడాలి. దీపానికి అడ్డంగా పట్టుకుంటే ఆకాశం, నీళ్ళు వేసిన ఖాళీ జాగాలో పడుగూ పేకా లెక్కపెట్టగలిగేట్టు ఉండాలి. చేనేత కుటుంబాలవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. మీకు ఈ పని మిగతావాళ్ళ కన్నా తేలిక.

పట్టుచిత్రం కొన్నవాళ్ళు చేసే మొదటి పని ఏమిటో తెలుసుగా? మూలనున్న ఎర్ర ముద్రని ఫోన్‌లో పెద్దది చేసి ఫొటో తీసి, "ఇదెవరి సంతకం అండీ?" అని వాట్సాప్‌లో నలుగురికి పంపడం. ఆ ముద్ర తప్ప ఇంకేమీ ఉండదు ఆ ఫొటోలో. బట్ట ఉండదు, వీపు, అంటే చిత్రం వెనకవైపు, ఉండదు, కొలత ఉండదు. రోగి బొటనవేలి ఫొటో పంపి గుండెజబ్బు ఉందా అని అడిగినట్టుంటుంది.

ముద్ర అంటే చెక్కిన రాయి. చెక్కేవాడు దొరికితే ఎవరి పేరైనా చెక్కుతాడు. ఇప్పుడు చెక్కేవాడు కూడా అక్కర్లేదు, పుస్తకంలో అచ్చైన ముద్రని ఫొటో తీసి యంత్రంతో గీయిస్తారు. పైగా అసలు ముద్రలు చిత్రకారుడితో చితి ఎక్కవు, ఇంట్లోవాళ్ళ దగ్గరో శిష్యుల దగ్గరో మిగులుతాయి. జాంగ్ దాచియెన్ ఉన్నాడు, 1899లో పుట్టి 1983లో పోయాడు. 20వ శతాబ్దపు చైనా మహా చిత్రకారుల్లో ఒకడు, అదే చేత్తో మహా నకిలీకారుడు. అతను ప్రాచీనుల పేరుతో వేసిన చిత్రాలు పెద్దపెద్ద మ్యూజియంలలోకే అసలువిగా వెళ్ళాయి. వాటి మీద ముద్రలు లేవా? బ్రహ్మాండంగా ఉన్నాయి.

అందుకని వరస చెబుతాను, రాసుకోండి. మొదట బట్ట. తర్వాత రంగు. తర్వాత వీపు. తర్వాత కూర్పు, అంటే చిత్రం చుట్టూ అతికిన గుడ్డలు, కర్రలు, పెట్టె. తర్వాత రాత. అన్నిటికన్నా చివర ముద్ర. ఈ వరసలో ముద్రదాకా రాకుండానే పదింట ఏడెనిమిది చిత్రాల సంగతి తేలిపోతుంది.

బట్టతో మొదలుపెడదాం. కావలసిన సామాను: పదింతలు చూపించే చిన్న భూతద్దం, ఒక టార్చిలైటు, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, టేపు, పెన్సిలు. పెన్ను వద్దు. చుట్ట, అంటే కర్రకి చుట్టి దాచే చిత్రం, విప్పే బల్ల దగ్గర పెన్ను, కాఫీ, ఉంగరం, గాజులు ఏవీ ఉండకూడదు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరవండి. చుట్టని ముందే గోడకి వేలాడదీయకండి. బల్ల మీద పెట్టి మొదట ఒక జానెడు విప్పండి. పటపటమని చిన్న శబ్దం వచ్చినా, రంగు పెచ్చు కనబడినా అక్కడే ఆపండి. బిగుసుకుపోయినదాన్ని లాగి విప్పితే విరిగేది పట్టే.

చిత్రం వేసే పట్టు సాదా నేత. దానికి పటిక, జంతుజిగురు కలిపిన నీళ్ళు పూసి ఆరనిస్తారు. జపాన్‌లో ఆ నీళ్ళని దోసా అంటారు. నవ్వకండి, మన దోసెతో చుట్టరికం లేదు. ఆ పూత వల్ల సిరా పాకదు, గీత గీసినచోటే నిలబడుతుంది. పటిక ఎక్కువైతే ఆమ్లం ఎక్కువై కాలక్రమంలో పట్టు పెళుసెక్కుతుంది, పాత చిత్రాలు గోధుమరంగుకు తిరిగి విరగడానికి అదీ ఒక కారణం. భూతద్దం కింద పట్టుదారం నునుపుగా, మెరుస్తూ, దాదాపు పురి లేకుండా, ఒకచోట సన్నం ఒకచోట లావుగా ఉంటుంది. నూలైతే నూగు ఉంటుంది. పాలిస్టర్ దారాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే మందంలో ఉంటాయి. అంచున ఊడిన పోగు ఒకటి ఉంటే, ఊడినదే సుమా, చిత్రంలోంచి పీకింది కాదు, దాన్ని పట్టుకారుతో పట్టి వెలిగించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడయ్యే నల్లటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. రేయాన్ కాగితంలా కాలుతుంది. పాలిస్టరో రేయానో అయితే 'వంద సంవత్సరాల పట్టుచిత్రం' అన్న మాట అక్కడితో సరి.

పట్టే అయింది. ఇప్పుడు చేత్తో వేసిందా, అచ్చు వేసిందా? ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. భూతద్దం కింద నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు పువ్వులా గుంపుగా కనబడితే ఆఫ్‌సెట్ అచ్చు. చుక్కలు క్రమం లేకుండా జల్లినట్టుంటే ఇంక్‌జెట్. చుక్కలే లేకపోతే అసలుదని సంబరపడకండి, కలోటైప్ అనే పాత అచ్చు పద్ధతి ఉంది, జపాన్‌లో 20వ శతాబ్దమంతా నడిచింది. దానిలో చుక్కలుండవు, ముడతలు పడిన సన్నటి రేణువు ఉంటుంది. కాబట్టి చుక్కలు వెతకడంతో ఆగకుండా గీతలు ఒకదాన్నొకటి దాటే చోట్లు వెతకండి. కుంచెతో వేసినచోట ఏ గీత ముందు పడింది, ఏది దాని మీదుగా వెళ్ళిందీ తెలుస్తుంది. దాటినచోట సిరా చిక్కబడుతుంది, రంగు గుంట కట్టిన అంచున సన్నటి ముదురు గీత ఉంటుంది. టార్చిని పక్కనుంచి, బల్లకి దాదాపు ఆనించి వెయ్యండి. తెల్లపువ్వు రేకులు, కొంగ ఈకలు కొద్దిగా పైకి లేచి కనబడాలి, ఎందుకంటే జపాన్ చిత్రాల్లో తెలుపు చాలావరకు ఆల్చిప్పల పొడి, అది మందంగా కూర్చుంటుంది. అచ్చులో అంతా ఒకే మట్టం.

ఇంకో రకం ఉంది, అచ్చు వేసి దాని మీద చేత్తో నాలుగు చోట్ల రంగు తాకించినది. అమ్మేవాడు ఆ నాలుగు చోట్లే దగ్గరగా ఫొటో తీసి పెడతాడు. మీరు ఐదో చోటు అడగండి. పువ్వు ఫొటో పంపితే కొమ్మ అడగండి, కొమ్మ పంపితే దూరపు కొండ అడగండి.

వియత్నాం చిత్రాల్లో ఈ మోసం ఇంకా తేలిక. హనోయ్‌లో 1925లో ఫ్రెంచివాళ్ళు చిత్రకళాశాల పెట్టాక అక్కడ పట్టుమీద నీటిరంగులతో కొత్త పద్ధతి పుట్టింది. గుయెన్ ఫాన్ చాన్, మై త్రుంగ్ థూ, లె ఫో అక్కడివాళ్ళే. పట్టుని చట్రానికి బిగించి పలచగా రంగు వేయడం, నీళ్ళతో కడగడం, మళ్ళీ వేయడం, అందుకే ఆ రంగు బట్ట లోపల్నుంచి వచ్చినట్టుంటుంది. మై త్రుంగ్ థూ ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాడు. ఆయన బొమ్మలు ఆయన కాలంలోనే పట్టుమీద అచ్చువేసి అమ్మారు, సంతకం ముద్రతో సహా. అది మోసం కాదు, అచ్చని చెప్పే అమ్మారు. ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో అచ్చని చెప్పకుండా అమ్మడం మోసం. పట్టు అసలుదే, కాలం సరిపోతుంది, సంతకం సరిపోతుంది. భూతద్దం ఒక్కటే సరిపోదంటుంది.

సరే, రంగు. రెండు మూడు సంగతులు చెప్పి దాటేస్తాను, వీపు దగ్గర నాకు చాలా పనుంది.

ప్రష్యన్ బ్లూ అనే నీలం 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. జపాన్‌లో ఇతో జకుచు 1757 నుంచి 1766 వరకు వేసిన 30 పట్టుచిత్రాల వరసలో ఒక చేప మీద ఆ నీలం దొరికింది. చైనా మింగ్ వంశం 1644లో ముగిసింది. మింగ్ కాలందని చెప్పిన చిత్రంలో మొదటినుంచీ ఉన్న రంగుగా ప్రష్యన్ బ్లూ తేలితే ఆ మాట అబద్ధం. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో. ఇవి ప్రయోగశాలలో తేలే విషయాలు, ఖరీదైన చిత్రమైతేనే ఆ ఖర్చు పెట్టండి. కంటితో తెలిసేది ఒకటుంది. మాలకైట్ అనే రాగి ఖనిజపు పచ్చరంగు వేసినచోట వందల సంవత్సరాల్లో పట్టు మాడినట్టు గోధుమరంగు తిరిగి, ఒక్కోసారి ఆ ఆకు ఆకారంలోనే రాలిపోతుంది. పచ్చ ఉన్నచోట మాత్రమే బట్ట పాడై పక్కన బాగుంటే అది సహజం. అలాగే పాత చిత్రాల్లో పట్టు వెనకవైపు కూడా రంగు వేస్తారు, ముందు నుంచి చూస్తే ముఖానికి, పువ్వుకి మెత్తటి కాంతి వస్తుందని. జకుచు చిత్రాల్లో అది విరివిగా ఉంది. వెనక రంగు తెలిసేది వీపున అతికిన కాగితపు అస్తరు ఊడదీసినప్పుడే. మీరు ఊడదీయకండి.

ఇక వీపు. దయచేసి వెనక వరసలో మాట్లాడుకుంటున్నవారు ఇటు వినండి, డబ్బు మిగిలేది ఇక్కడే.

పట్టుచిత్రం ఒక్క పొర కాదు. జపాన్ వేలాడే చుట్ట, కాకెజికు, వెనక మామూలుగా మూడు పొరల చేతికాగితం ఉంటుంది. మొదటిది మినో కాగితం, పలచన, గట్టిది. రెండోది మిసు, అందులో ఆల్చిప్పల పొడి కలుస్తుంది. చివరిది ఉదా, అందులో తెల్లమట్టి. మొదటి పొరకి కొత్త గోధుమగంజి. తర్వాతి పొరలకి జాడీలో పెట్టి సుమారు 10 సంవత్సరాలు మాగబెట్టిన గంజి. అలా మాగినది బలహీనమైన జిగురు. కావాలనే బలహీనం. గట్టి జిగురైతే చుట్టినప్పుడల్లా పొరలు వంగవు, పట్టు విరుగుతుంది. బలం చాలదు కాబట్టి లావుపాటి కుంచెతో వీపు మీద దబదబ కొట్టి పొరల పీచులు ఒకదానిలో ఒకటి దిగేలా చేస్తారు. పక్కనుంచి టార్చి వేస్తే ఆ కుంచెదెబ్బలు సన్నటి గుంతలుగా ఒక్కోసారి కనబడతాయి.

ఈ వీపుని చీకటిగదిలో అతినీలలోహిత కాంతి కింద చూడండి. కాంతి కళ్ళలోకి పడనివ్వకండి. కాగితం గానీ, అంచు కుట్టిన దారం గానీ నీలితెలుపుగా భగ్గుమంటే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉంది, అది దాదాపు 1950 తర్వాతి సరుకు. అస్తరు కొత్తదైనంత మాత్రాన చిత్రం కొత్తదవదు, పాతదానికి కొత్త అస్తరు వేయిస్తారు. కానీ అమ్మేవాడు "200 సంవత్సరాలుగా ఎవరూ ముట్టలేదు" అని ఉంటే ఆ మాట అబద్ధమని తేలింది. ఒక అబద్ధం తేలాక మిగతా మాటల్ని ఎలా వినాలో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాత దీపానికి అడ్డంగా ఎత్తి చూడండి, ఇద్దరు పట్టుకోవాలి. అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు కాగితపు పట్టీల నీడలు కనబడితే మంచి కబురు. మడతలు విరగబోయేచోట వెనకనుంచి బలంగా అతికిన పట్టీలవి. ఎవరో ఒకప్పుడు డబ్బు పెట్టి బాగుచేయించారు. విలువ లేనిదానికి ఎవరూ అంత చేయించరు.

ఆ మడతలే వయసు చెబుతాయి. చుట్ట కింది కర్ర మీద మొదలై పైకి చుట్టుకుంటుంది. కర్ర దగ్గర చుట్టు చిన్నది, బిగువు ఎక్కువ. అందుకని సహజంగా వచ్చిన మడతలు కర్రకి సమాంతరంగా అడ్డంగా ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ దగ్గరదగ్గరగా ఉంటాయి. నకిలీలో మడతలు పైనుంచి కిందిదాకా ఒకే దూరంలో ఉంటాయి, లేకపోతే గోళ్ళతో గీరినట్టు అన్ని దిక్కులా ఉంటాయి. టీ నీళ్ళలో ముంచో, పొగ పెట్టో ముసలిదాన్ని చేసిన పట్టు మొత్తం ఒకే గోధుమరంగు. సహజంగా ముదిరినదాంట్లో చిత్రం అంచు మీద పక్కగుడ్డ కప్పినచోట, ఆ గుడ్డ ఊడి ఉంటే తొంగి చూడండి, కింద పట్టు లేతగా ఉంటుంది. మురికి మడత లోపల చేరుతుంది. చిరిగినచోట పోగు చివర కూడా ముదురుగానే ఉంటే, చిరిగాక రంగు వేశారు.

ఇంతవరకు సాఫీగా వచ్చాం. ఇప్పుడు పెట్టె గురించి, దాంతో పాటు మన ఊళ్ళో ఈ చిత్రాలకి జరుగుతున్న అన్యాయం గురించి. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, అయినా చెబుతాను. ఈ మాట చెప్పడానికే ఒప్పుకున్నాను ఈ ఉపన్యాసానికి.

చుట్టని ఇంటికి తెచ్చి మనవాళ్ళు ఏం చేస్తారు? "వేలాడుతోంది, గాలికి ఊగుతోంది, పటం కట్టిద్దాం" అంటారు. పటాలు కట్టే కొట్టుకి తీసుకెళ్తారు. అతను ఏం చేస్తాడు? పైకర్ర, కిందకర్ర కోసేస్తాడు. చుట్టూ ఉన్న జరీగుడ్డ పాతదైంది కాబట్టి తీసేస్తాడు. చిత్రాన్ని ప్లైవుడ్ మీద, చెక్క అతికించే తెల్ల జిగురు పూసి అంటిస్తాడు. పైన అద్దం ఆనించి బిగిస్తాడు. పెట్టె? "పాత డబ్బా, చెదలు పడుతుంది" అని పారేస్తారు. అయ్యా, అమ్మా, ఆ ఒక్క మధ్యాహ్నంలో సగానికి పైగా సాక్ష్యం పోయింది. ఆ తెల్ల జిగురు ఆరాక గోధుమగంజిలా నీళ్ళతో తడిపితే విడిపోదు. ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లం పట్టుని తింటుంది. వానాకాలం చెక్క ఒకలా, పట్టు ఒకలా సాగి కుదించుకుంటాయి, నాలుగేళ్ళలో చిత్రం మీద అలలు. అద్దానికి ఆనిన రంగు, మన తేమకి, అద్దానికే అంటుకుంటుంది. కట్టేవాళ్ళని తిట్టను, వాళ్ళకి దేవుడి పటాలు, పెళ్ళిఫొటోలు కట్టడం తెలుసు, ఆ పని చక్కగా చేస్తారు. తీసుకెళ్ళినవాళ్ళది తప్పు. చేతులెత్తమని అడగను, ఈ గదిలో కొందరి ఇళ్ళలో గోడల మీద ఇప్పుడు అలాంటివి ఉన్నాయి!

ఏం పోయిందో వినండి. జపాన్ చుట్ట కూర్పులో చిత్రానికి పైనా కిందా సన్నటి జరీపట్టీ ఉంటుంది, చుట్టూ మరో గుడ్డ, దాని పైనా కిందా ఇంకో గుడ్డ. పైభాగం కింది భాగం కన్నా పొడుగు. ఏ గుడ్డ వాడారన్నదాన్ని బట్టి అప్పటి యజమాని ఆ చిత్రాన్ని ఎంత గౌరవించాడో తెలుస్తుంది. కింది కర్ర చివర బిళ్ళలు దంతమో, ఎముకో, లక్క పూసిన చెక్కో, పింగాణీయో, ప్లాస్టిక్కో. భూతద్దం పెట్టి బిళ్ళ ముఖం చూడండి. ఒకదాన్నొకటి కోసుకునే వంపుగీతల వల కనబడితే ఏనుగుదంతం. నల్లటి సన్న చుక్కలుంటే ఎముక. పోత అతుకు ఉంటే ప్లాస్టిక్. దంతమైతే ఇండియాకి తేవద్దు, దంతం వ్యాపారం ఇక్కడ నిషేధం, విమానాశ్రయంలో చిత్రంతో సహా పోతుంది.

పెట్టె మామూలుగా కిరి అనే తేలికపాటి చెక్కతో చేస్తారు. మూత పైన చిత్రం పేరు, మూత లోపలివైపు చిత్రకారుడి చేతిరాత, ముద్ర ఉంటే దాన్ని తోమొబాకో అంటారు. అది జననపత్రం కింద లెక్క. తర్వాతి తరం పండితుడో, చిత్రకారుడి వారసుడో చూసి ఇది ఫలానావారిదే అని రాసిస్తే కివామెబాకో. ఏదో ఒక పెట్టెలో పెట్టిందైతే అవాసెబాకో. మూడింటి మధ్య ధరలో తేడా చాలా ఉంటుంది. పెట్టె పారేసినవాళ్ళు ఆ తేడా పారేశారు. పెట్టె పారేయకండి. మళ్ళీ చెబుతున్నాను, పెట్టె పారేయకండి. చీకినా, మూత పగిలినా, చుట్టిన పసుపు గుడ్డ చిరిగినా పారేయకండి.

ఇప్పుడు దీనికి ఎదురు మాట కూడా చెప్పాలి. పెట్టెకి ఇంత విలువ ఉందని నకిలీవాళ్ళకీ తెలుసు. అసలు పెట్టెలో నకిలీ చుట్ట పెట్టి అమ్మడం పాత విద్య. పరీక్ష ఇలా. పెట్టె లోపల రెండు చివరలా గాడి కోసిన చిన్న చెక్కలుంటాయి, కర్ర చివరలు వాటిలో కూర్చోవాలి. చుట్ట పొట్టిదై ఊగులాడినా, పొడుగై ఇరుక్కున్నా ఆ పెట్టె దీనిది కాదు. మూత మీద "వానలో వెదురు" అని రాసి లోపల పులి ఉంటే చెప్పేదేముంది. చుట్ట బయటివైపు అంటించిన చీటీ మీద రాత, పెట్టె మీద రాత పోల్చండి.

అట్టపెట్టె మీదా చుట్ట వెనకా ఇంగ్లీషు చీటీలుంటే అవీ పనికొస్తాయి. అమెరికా 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలంది. "నిప్పాన్" అని ఉంటే 1921కి ముందు, ఆ తర్వాత "జపాన్". "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1952 లోపు. చీటీ సరుకు బయల్దేరిన తేదీ చెబుతుంది, బొమ్మ వేసిన తేదీ కాదు.

రాత దగ్గరికి వచ్చాం. భాష రాకపోయినా మూడు పనులు చేయొచ్చు. జపాన్ తేదీల్లో రాజు శకం ఉంటుంది. మెయిజి సంఖ్యకి 1867 కలపండి, తైషోకి 1911, షోవాకి 1925. షోవా 12 అంటే 1937. చైనా రాతలో ఎక్కువగా 60 సంవత్సరాల చక్రం. మన ప్రభవ, విభవ లాంటిదే కాబట్టి మనకి వివరించక్కర్లేదు. మనది 1987లో మొదలైంది, వాళ్ళ జియాజీ 1984లో. జియాజీ అని రాసి ఉంటే అది 1984 కావచ్చు, 1924 కావచ్చు, 1864 కావచ్చు. అమ్మేవాడు ఎప్పుడూ అన్నిటికన్నా పాతది ఎంచుకుంటాడు. మూడోది, పేరుకి ముందో వెనకో "ఫాంగ్" అనో "లిన్" అనో అక్షరం ఉందేమో చదవగలిగినవాళ్ళని అడగండి. మొదటిది ఫలానా గురువు పద్ధతిలో అని, రెండోది చూసి వేశానని. చిత్రకారుడు నిజాయితీగా రాసినదాన్ని అనువాదంలో దాచేసి గురువు పేరుతో అమ్ముతుంటారు.

ముద్ర చివర్లో అన్నాను కదా, చివర్లోనే. అసలు ముద్రరంగు ఇంగిలీకం, నూనె, పీచు కలిపిన ముద్ద. అది పట్టు మీద కొంచెం ఎత్తుగా కూర్చుంటుంది, చుట్టూ ఒక్కోసారి సన్నటి నూనెనీడ ఉంటుంది. ముద్ర కూడా చిత్రంలాగే చుక్కలతో ఉంటే మొత్తం అచ్చే. పట్టు పగులు ముద్రని కూడా చీల్చుకుంటూ పోవాలి. పగులు సందులోకి ఎర్రరంగు దిగి ఉంటే పగిలాక ముద్ర వేశారు. ఇక పేరు సంగతి. చి బైషీ, 1864లో పుట్టి 1957లో పోయాడు, రొయ్యల బొమ్మలకి ప్రసిద్ధుడు. ఆయన పని చాలావరకు పూత లేని చైనా కాగితం మీద. ఆ రొయ్య ఒళ్ళు పారదర్శకంగా కనబడేదే కాగితం సిరాని పీల్చుకోవడం వల్ల. పటిక పూసిన పట్టు మీద చి బైషీ రొయ్యలు చూపిస్తే ముద్ర చూడకుండానే అనుమానించండి. జపాన్‌లో మరుయామా ఓక్యో పేరు, యొకొయామా తైకాన్ పేరు విపరీతంగా నకలైన పేర్లు.

తైకాన్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. ఆయన, హిషిదా షున్సో 1903లో కలకత్తా వచ్చారు. అవనీంద్రనాథ ఠాకూర్‌కి, వాళ్ళకి మధ్య రాకపోకల్లోంచే, పలచటి రంగు వేసి నీళ్ళతో కడుగుతూ పోయే బెంగాల్ వాష్ పద్ధతి పెరిగింది. అది చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీతో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకి వచ్చింది. అడివి బాపిరాజు అక్కడ నేర్చుకున్నారు. కృష్ణా, గోదావరి జిల్లాల పాత ఇళ్ళలో బెంగాల్ పద్ధతి చిత్రాలు దొరికితే, కొన్ని పట్టు మీద కూడా ఉండొచ్చు, చైనా బొమ్మనుకుని తూకానికి వేయకండి. వాటికి కూడా ఇదే వరస. 1972 పురావస్తు చట్టం ప్రకారం వంద సంవత్సరాలు దాటిన చిత్రాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నందలాల్ బోస్ లాంటి కొందరి పనికి ఆ వంద సంవత్సరాలు కూడా అక్కర్లేదు, అది కళానిధి కింద లెక్క. అమెరికాలో ఉన్న అబ్బాయికి సూట్‌కేస్‌లో పెట్టి పంపే ముందు ఆలోచించండి.

విలువ కట్టడం మిగిలింది. త్వరగా చెబుతాను. పేరుకి డబ్బు కట్టకండి, మీ కంటికి కనబడినదానికి కట్టండి. ముఖం, చెయ్యి, పక్షి కన్ను, ప్రధాన పువ్వు, వీటిలో రంగు రాలితే ధర సగానికి సగం పడుతుంది. ఖాళీ ఆకాశంలో గోధుమ మచ్చలు అంత ప్రమాదం కాదు. పక్కగుడ్డ చిరిగితే అది మార్చుకోదగ్గది. నీటిమరక ముదురు అంచుతో ఉంటే అది పూర్తిగా పోదు. సంతకం అంచుకి మరీ దగ్గరగా ఉంటే చిత్రాన్ని ఎవరో కోసి చిన్నది చేశారు. గుండ్రటి పురుగుతొలుపులు చుట్ట పొరలన్నిటిలో ఒకే వరసలో పడితే పాతవి, పెట్టె అడుగున తాజా పొడి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది, ఇంట్లోకి తేవద్దు. కొత్త అస్తరు వేయించే ఖర్చు ముందే అడిగి కొనేధరకి కలపండి. పేరులేని అలంకారచిత్రానికి ఆ ఖర్చే చిత్రం ధర కన్నా ఎక్కువవుతుంది. అప్పుడు కొనడం తప్పు కాదు, గోడకి అందంగా ఉంటుందని కొనండి, పెట్టుబడి అనుకుని కొనకండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు అమ్మేవాళ్ళని ఈ ఫొటోలు అడగండి: ముందు మొత్తం, వీపు మొత్తం, పక్కన టేపు పెట్టి నేత దగ్గరగా, పక్కనుంచి వెలుతురు వేసి, పెట్టె మూత లోపలి వైపు, కర్ర చివర బిళ్ళ. ముద్ర ఫొటో అడగక్కర్లేదు, అది ఎలాగూ పంపుతారు. వీపు ఫొటో పంపనన్నవాడి దగ్గర కొనకండి.

కొన్నాక గోడ మీద ఏడాదంతా ఉంచకండి. పట్టుకి వెలుతురు విషం. మ్యూజియంలు వెలుతురుని 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వవు, కొన్ని వారాలు చూపించి లోపల పెట్టేస్తాయి. మన ఇళ్ళలో పండక్కి తీసి వారం పది రోజులు వేలాడదీయండి, ఎండ, ఏసీ గాలి, అగరుబత్తి పొగ తగలని గోడకి. వానరోజున చుట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. చుట్టేటప్పుడు బిగించి లాగితే రంగు ఒరుసుకుంటుంది, వదులుగా చుట్టి పెట్టెలో పెట్టండి. మనకి జనవరి, ఫిబ్రవరి పొడి రోజుల్లో నీడపట్టున ఒక పూట గాలి పోయించండి. నాఫ్తలిన్ ఉండలు పట్టుకి తగలనివ్వకండి. ప్లైవుడ్‌కి అంటించినవి ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాళ్ళు సొంతంగా పీకే ప్రయత్నం చేయొద్దు, అద్దం మాత్రం తీయించి, చిత్రానికి తగలకుండా చుట్టూ మందపాటి ఆమ్లం లేని అట్ట పెట్టించి మళ్ళీ బిగించండి. తీసేటప్పుడు రంగు అద్దానికి అంటుకుని వస్తోందంటే ఆపి, అలాగే ఉంచి, చిత్రాలు బాగుచేసే నిపుణులకి చూపించండి.

చుట్టలు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఈ బల్ల దగ్గరికి రండి. చేతులు కడుక్కోవడానికి వెనక గదిలో సబ్బు పెట్టారు. ముద్ర వైపు మడిచి తెచ్చినవాళ్ళు కూడా ముందు వీపు వైపే పరవండి.